మా గదికి పెట్టిన ఫైర్‌వాల్

లాక్‌డౌన్ మొదలైన కొద్ది రోజులకే మా సేఠ్ నాకు కంప్యూటర్ పంపించాడు. టెంపో అతను ముక్కూ మూతీ కనబడకుండా రుమాలు కట్టుకుని వచ్చి, పెట్టెలు మెట్ల కింద దించి, నేను పలకరించేలోపే వెళ్లిపోయాడు. సూరత్‌లో అప్పటికి అన్నీ ఆగిపోయాయి. చీరల మార్కెట్ మూసేశారు. ఉధ్నాలో సాంచెలు ఆగిపోయాయి. పవర్‌లూమ్‌ను మా వాళ్లు సాంచె అంటారు. చీరల అంచులకు, కొంగులకు కంప్యూటర్‌లో బొమ్మలు గీసే నా పని మాత్రం ఆగకూడదట. రేపు దుకాణాలు తెరిచేసరికి కొత్త డిజైన్లు సిద్ధంగా ఉండాలట. దేశం మొత్తం తలుపులు వేసుకుని కూర్చుంటే మా సేఠ్ ఒక్కడికే రేపటి మీద అంత నమ్మకం.

సూరత్ శివారు డిండోలిలో మాది ఒక గది, దాని వెనక వంటిల్లు. స్నానాల గది బయట వరండాలో ఉంది, ఆ అంతస్తులోని ఇళ్లన్నిటికీ కలిపి అదొక్కటే. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్త. పెళ్లై వచ్చినప్పటి నుంచీ అదే గది, అయినా ఇరుకని ఎప్పుడూ అనిపించలేదు. కారణం సులువు. ఆయన పొద్దంతా కార్ఖానాలో, నేను రింగ్ రోడ్డు మార్కెట్‌లో, అత్త గల్లీలో. ముగ్గురం ఒకేసారి మెలకువగా ఆ గదిలో ఉండటమనేది పండగ రోజుల్లో తప్ప జరగలేదు. లాక్‌డౌన్ వచ్చి మమ్మల్ని ఒకరికొకరిని కొత్తగా పరిచయం చేసింది. ఆ పరిచయం లేకపోయినా బాగుండేదని మూడో నాటికే నాకు తెలిసిపోయింది.

కంప్యూటర్‌తో పాటు సేఠ్ తన కళ్లను కూడా పంపించాడు. ఆఫీసు వాళ్లు తామున్న చోటు నుంచే నా స్క్రీన్ చూడగలిగే ప్రోగ్రామ్ ఒకటి అందులో పెట్టారు. కావాలంటే నా మౌస్‌ను వాళ్లే కదపగలరు. మొదటిసారి నేను చెయ్యి తీసి పక్కన పెట్టుకున్నా, తెర మీద బాణం గుర్తు తనంతట తాను కదిలింది. బియ్యం ఏరుతున్న మా అత్త చేట కింద పెట్టేసింది.

"గదేంది బిడ్డా, దయ్యమా?"

"దయ్యం గాదత్తా, సేఠ్."

"రెండిట్లకు ఫరకేంది?" అని మళ్లీ చేట అందుకుంది.

నా వెనక నుంచి మా ఆయన, నా ముందు నుంచి సేఠ్. ఇద్దరి చూపుల మధ్య అడకత్తెరలో పోకచెక్కలా కూర్చుని నేను చీరలకు చిలకలు, మామిడి పిందెలు గీసేదాన్ని. జుట్టు ముడేసుకోవాలన్నా వంటింట్లోకి వెళ్లేదాన్ని.

మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆయన చిన్ననాటి నుంచీ సాంచెల మీదే బతికిన మనిషి. ఒక్కొక్కరు కొన్ని సాంచెలను ఒకేసారి చూసుకోవాలి. ఎక్కడో ఒక పోగు తెగుతుంది, సాంచె దానంతటదే ఆగిపోతుంది. ఆగిందంటే ఆ మనిషికి నష్టం, ఎందుకంటే అక్కడ కూలి మీటర్ల లెక్కన. కాబట్టి ఎందుకు ఆగిందని ఎవరూ నిలబడి ఆలోచించరు. పోగు ముడేస్తారు, మీట నొక్కుతారు, ఇంకో సాంచె దగ్గరికి పరుగెత్తుతారు. అందులో కన్నుకన్నా చెయ్యి ముందు పోతుంది. అలాంటి మనిషిని తెచ్చి గదిలో కూర్చోబెట్టారు. కరెంటు పోయి ఫ్యాను ఆగితే స్విచ్ కిందే నిలబడేవాడు. మిక్సీ వేడెక్కి ఆగితే, నేను వద్దంటున్నా మళ్లీ తిప్పేవాడు. పక్కింటి కుట్టుమిషన్ చప్పుడు ఆగినా చెవులు రిక్కించేవాడు. ఆయన చేతులకు పని లేదు, చేతులకు ఆ సంగతి చెప్పేవాళ్లూ లేరు.

ఒక రోజు ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే అబ్బాయి ఫోన్ చేశాడు. గుజరాతీ, నాకన్నా చాలా చిన్నవాడు, నన్ను బెన్ అంటాడు, అంటే అక్క అని. మన డిజైన్ ఒకటి మనం నేయించకముందే ఇంకో వ్యాపారి దగ్గర కనబడిందట. సేఠ్ మండిపడుతున్నాడట. ఇళ్లకు పంపిన కంప్యూటర్లన్నిటిలో ఫైర్‌వాల్ వేసి ఉందో లేదో ఈ రోజే చూడాలన్నాడు.

"అదెక్కడ కొనాలి?" అన్నాను.

కొనక్కర్లేదట. కంప్యూటర్‌తో పాటే వస్తుందట. అతను ఫోన్‌లో చెబుతుంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి వెతికాను. దొరికింది. పక్కనే ఎర్ర గుర్తు, ఆపేసి ఉందని. ఎవరు ఆపారంటే, ఆఫీసు వాళ్లే. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు అడ్డమొస్తోందని ఎప్పుడో ఆపేసి మర్చిపోయారట. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట హిందీలో ఎలా అనాలో తెలియక ఊరుకున్నాను.

అది ఏం చేస్తుందో అతను ఓపికగానే చెప్పాడు. బయట నుంచి లోపలికి రావాలని చూసేదాన్ని గుమ్మం దగ్గర ఆపుతుంది. మనం పిలిస్తే జవాబుగా వచ్చేదాన్ని రానిస్తుంది. లోపలి నుంచి బయటికి పోయేదాన్ని మాత్రం, మనం ప్రత్యేకంగా ఆపమంటే తప్ప ఆపదు.

"అయితే నేనే డిజైన్ అమ్ముకోవాలనుకుంటే ఇది ఆపదా?" అని అడిగాను.

అతను నవ్వాడు. అందుకే కదా బెన్, సేఠ్ చూస్తూ ఉంటాడు అన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఊరి నుంచి కబురొచ్చింది. సూరత్ నుంచి ఎవరొచ్చినా ఊళ్లోకి రానివ్వద్దని తీర్మానించి, దారికి అడ్డంగా ముళ్లకంప వేశారట. లోపల ఉన్నవాళ్లు పొలాలకు పోవచ్చు, రావచ్చు. కొత్తవాళ్లే రాకూడదు. ఫైర్‌వాల్ గురించి విన్నాక మా ఊరు నాకు బాగా అర్థమైంది. ఇక్కడ డిండోలిలో గల్లీ చివర పోలీసులు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యికీ గొయ్యికీ మధ్య ఒక గది, ఒక కంప్యూటర్.

ఫైర్‌వాల్ వేసే ముందు కంప్యూటర్ ఒక ప్రశ్న అడిగింది. నువ్వు వాడుతున్న నెట్ నీ ఇంటిదా, నలుగురూ వాడే బయటిదా? ఇంటిదంటే కాస్త సడలిస్తుంది, బయటిదంటే గట్టిగా బిగిస్తుంది. నేను ఆలోచనలో పడ్డాను. మా నెట్ తీగ కింది అంతస్తులోని ఇంటి యజమాని దగ్గర నుంచి వస్తుంది. బిల్డింగ్‌లో అందరికీ అదే. ఎవరింట్లో ఏ పప్పు ఉడుకుతోందో వాసనతోనే చెప్పగలిగే బిల్డింగ్ అది. ఇంక ఇల్లనేది ఎక్కడుంది? బయటిదే అని నొక్కాను.

"మనిల్లు మనది గాదని చెప్పినవా ఏంది దానికి?" అంది అత్త, సంగతి విని.

"కిరాయిదే గదత్తా."

ఎర్ర గుర్తులు పోయి పచ్చవి వచ్చాయి. నాకు సంతోషం వేసింది. నవ్వులాటగా అనిపించినా చెబుతున్నాను, ఆ పచ్చ గుర్తులను చూస్తూ కాసేపు అలాగే కూర్చున్నాను. ఆ ఇంట్లో నేను నా చేత్తో, నా ఇష్టంతో గడియ వేసుకోగలిగిన తలుపు అదొక్కటే. సేఠ్ కళ్లు దాని లోపలే ఉన్నాయనుకోండి. అయినా తలుపు తలుపే.

అప్పటి నుంచి కొత్త ప్రోగ్రామ్ ఏదైనా నేను తెరిచినా, దానంతటది మొదలైనా తెర మధ్యలో ఒక చిన్న పెట్టె రావడం మొదలైంది. దీన్ని ఆపాను, రానివ్వాలా వద్దా అని. రానివ్వమనడానికి ఒక మీట, వద్దనడానికి ఒక మీట. ఆఫీసుకు ఫోన్ చేయకుండా దేన్నీ రానివ్వొద్దని ఆ అబ్బాయి గట్టిగా చెప్పాడు. నేను మా ఆయనకు చెప్పాను.

"దాని మీద ఏమొచ్చినా నువ్వు ముట్టకు. నన్ను పిలువు."

"నేనెందుకు ముడ్త?" అన్నాడు.

కొన్ని వారాలు గడిచాయి. నేను ఎంతో ఇష్టంగా ఒక అంచు గీశాను. కొమ్మ మీద చిలకల వరస. మా పనిలో ఒక అలవాటుంది. ప్రతి డిజైన్‌లో కావాలని ఒక చిన్న తప్పు వదులుతాం. దాన్ని దిష్టిచుక్క అంటాం కానీ, అసలు సంగతి అది మన చేతి గుర్తు. ఆ చిలకల్లో ఒకదానికి నేను కన్ను పెట్టలేదు.

ఎదురింటి అమ్మాయి ఫోన్‌లో చీరల ఫోటోలు పంపి ఆర్డర్లు తీసుకునేది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగులో హిందీ కలిపి మాట్లాడుతుంది. ఒక మధ్యాహ్నం వరండాలోంచే ఫోన్ నా వైపు చాపింది.

"దేఖోనా అక్కా, ఈ చీర ఎట్లున్నది? మార్కెట్ ఖులితే మాల్ ఇస్తరంట."

అది నేసిన చీర కాదు, నేసినట్టు కంప్యూటర్‌లో తయారుచేసిన బొమ్మ. కింద ఇంకెవరిదో దుకాణం గుర్తు. అంచులో నా చిలకలు. వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఒకదానికి కన్ను లేదు. బాగుందని చెప్పి ఫోన్ ఇచ్చేశాను.

మర్నాడే ఆఫీసు అబ్బాయి ఫోన్ వచ్చింది. ఈసారి అతని పక్కనే సేఠ్ ఉన్నాడు. స్పీకర్ పెట్టమన్నారు. ఫైర్‌వాల్‌లో ఏయే ప్రోగ్రామ్‌లను రానిస్తున్నామో చూపించే పట్టిక తెరవమన్నారు. తెరిచాను. నేను రానిచ్చినవి రెండో మూడో ఉండాలి. తెర మీద మాత్రం పై నుంచి కిందికి వరసగా టిక్కులే ఉన్నాయి. పేర్లు కూడా తెలియనివి ఎన్నో. ఎదురింటి అమ్మాయి కోసం ఒకసారి ఫోటోలు ఎక్కించడానికి దించిన ప్రోగ్రామ్, దాని వెనకే వచ్చిన చెత్త, అన్నీ. అన్నిటికీ బయటి నెట్ వరసలో కూడా టిక్కు పెట్టి ఉంది.

"పబ్లిక్ మే సబ్ ఖులా హై, బెన్," అన్నాడు ఆ అబ్బాయి మెల్లగా. అన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, ఎవరు తెరిచారని అడిగాడు.

నాకు తెలియదని అనబోతున్నాను. నా వెనక మంచం కిర్రుమంది. మా ఆయన లేచి ఫోన్ దగ్గరికి వచ్చాడు. కార్ఖానాలో మేనేజర్ ముందు నిలబడినట్టు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మైనే దబాయా సేఠ్," అన్నాడు. "బంద్ హో గయా థా. చాలూ కియా."

నేనే నొక్కాను. ఆగిపోయింది, నడిపించాను. అంతే ఆయన చెప్పింది. నేను వంటింట్లో ఉన్నప్పుడు, స్నానానికి వెళ్లినప్పుడు తెర మీద పెట్టె వచ్చేది. నా పని ఆగిపోయిందని ఆయన చెయ్యి ముందుకు పోయేది. నేను చెప్పిన మాట గుర్తొచ్చేసరికి పని జరిగిపోయేది. ఆ తర్వాత నాకు చెప్పడానికి మనసు రాలేదట. ఏమని చెప్పాలి, ఆగినదాన్ని నడిపించానని తిట్లు తినాలా?

సేఠ్‌కు ఇదంతా ఎక్కలేదు. చీర వ్యాపారికి సాంచె నడిపేవాడి చెయ్యి సంగతి ఎందుకు తెలుస్తుంది? ఆయనకు అర్థమైంది ఒక్కటే. ఈ ఇంట్లో పని లేని మగవాడు ఒకడున్నాడు, తలుపులు తెరిచాడు, డిజైన్ బయటపడింది. దొంగ అనే మాట వాడలేదు. చాలా మర్యాదగా మాట్లాడాడు. నా పని బాగుంటుందట, నన్ను వదులుకోవడం ఇష్టం లేదట. కంప్యూటర్ నా దగ్గరే ఉండాలంటే ఒక షరతు. పని వేళల్లో కెమెరా వేసి ఉండాలి. ముసలావిడ ఫరవాలేదు. ఆ మనిషి మాత్రం ఆ గదిలో కనబడకూడదు.

ఆ గదిలో అంటే మా ఇంట్లో. ఇంకో గది లేదు, రోడ్డు లేదు, ఊరు లేదు. ఇరవై ఏళ్లుగా కార్ఖానా నూలు గది తాళంచెవి ఎవరి నడుముకు ఉండేదో ఆ మనిషికి తన ఇంట్లో నిలబడే హక్కు ఉందా లేదా అన్నది ఎక్కడో కూర్చున్న సేఠ్ తేలుస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. నీ కంప్యూటర్ నువ్వు తీసుకుపో అని నోటి దాకా వచ్చింది. అప్పుడు ఆ ఇంట్లో నడుస్తున్నది అదొక్కటే. మా ఆయన నా భుజం మీదుగా చూసి, ఒప్పుకొమ్మని కళ్లతోనే చెప్పాడు. ఒప్పుకున్నాను.

మొదటి రోజు వంటింట్లో కూర్చున్నాడు. అక్కడి నుంచి స్నానాల గదికి పోవాలంటే నా కుర్చీ వెనక నుంచే దారి. కెమెరాలో కనబడ్డాడని ఫోన్ వచ్చింది. మర్నాటి నుంచి పొద్దున చాయ్ తాగి, చెప్పులు వేసుకుని, తనే బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చునేవాడు. కిందికి దిగితే పోలీసులు, పైకి వస్తే సేఠ్. ఎండ మెట్ల మీదికి వచ్చినప్పుడు ఒక మెట్టు పైకి జరిగేవాడు. వచ్చేపోయేవాళ్లు అడిగేవారు, ఏం భాయ్, ఇంట్లో లడాయా అని.

"ఏం లే, గాలికి కూసున్న," అనేవాడు.

అత్త నాతో మాట్లాడటం తగ్గించింది. కొడుకుకు పళ్లెంలో అన్నం పెట్టుకుని బయటికి తీసుకెళ్లేటప్పుడు, నా కుర్చీ దగ్గర ఆగి, తెర వైపు చూస్తూ అనేది.

"రోగమొచ్చినోన్ని గూడ గింత దూరం కూసోబెడ్తలేరు బిడ్డా."

ఆమె నన్ను అంటోందో, కెమెరాలోంచి సేఠ్‌ను అంటోందో తెలిసేది కాదు. ఇద్దరికీ చెందే మాటే అది. ఫైర్‌వాల్‌ను నేను మళ్లీ మొదటి నుంచి బిగించాను. తెలియని టిక్కులన్నీ తీసేశాను. పచ్చ గుర్తులు మునుపటిలాగే వెలిగాయి, వాటిని చూస్తే ఈసారి ఏడుపొచ్చింది.

మనిషిని కదా, అనుమానపు పురుగు నన్నూ తొలిచింది. నొక్కితే నొక్కాడు, అంతవరకేనా? ఎవరైనా ఫోన్ చేసి ఫలానాది నొక్కు అని చెప్పారా? పొద్దంతా ఊరికే కూర్చున్న మనిషి, కార్ఖానా ఎప్పుడు తెరుస్తారో తెలియని మనిషి. ఒక మధ్యాహ్నం చెంబుతో నీళ్లు తీసుకెళ్లి మెట్ల దగ్గర నిలబడి అడిగేశాను.

"నిన్నెవలన్న అడిగిన్రా? డిజైన్ గావాలని?"

ఆయన నీళ్లు తాగాడు. చెంబు నా చేతికిచ్చాడు.

"పో, నీ పని ఆగుతది," అన్నాడు.

లోపలికి వచ్చి కూర్చున్నాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత లాక్‌డౌన్ సడలింది. సాంచెలు ఒక్కొక్కటిగా నడవడం మొదలైంది. ఊళ్లకు పోయినవాళ్లు ఇంకా తిరిగి రాలేదు కాబట్టి, ఉన్నవాళ్లకు చేతినిండా పని. మా ఆయన మొదటి రోజు షిఫ్టుకు పోతుంటే అత్త గుమ్మంలో నిలబడి, మలుపు తిరిగేదాకా చూసింది. ఆ తర్వాత మార్కెట్ తెరిచారు. టెంపో వచ్చి కంప్యూటర్ తీసుకుపోయింది. బల్ల మీద దాని అడుగున పేరుకున్న దుమ్ము నలుచదరంగా మిగిలింది. తుడిచేశాను. నేను మళ్లీ షేర్ ఆటోల్లో రింగ్ రోడ్డుకు పోయి రావడం మొదలుపెట్టాను.

ఒక రోజు ఆఫీసులో చాయ్ తాగుతూ ఆ గుజరాతీ అబ్బాయి యథాలాపంగా చెప్పాడు. చిలకల అంచు ఎలా బయటపడిందో తెలిసిందట. చీరల ఫోటో పుస్తకం చేయడానికి సేఠ్ స్వయంగా ఒక చోటికి డిజైన్లు పంపాడు. అక్కడివాళ్లే అదే బొమ్మను ఇంకో వ్యాపారికి కూడా చేసి ఇచ్చారు. కంప్యూటర్ నుంచి ఏమీ పోలేదు బెన్ అన్నాడు. మరి సేఠ్ ఏమన్నాడని అడిగాను. ఏమంటాడు, ఇప్పుడు వేరేచోట చేయిస్తున్నాడు అన్నాడు. ఆ పూట నాకు పని సాగలేదు.

ఇంటికి వస్తూ దారంతా అదే మాట నోట్లో పెట్టుకుని వచ్చాను. ఎప్పుడు చెబుదామా, విని ఆయన ముఖం ఎలా అవుతుందో అని. నేను కాళ్లు కడుక్కునేసరికి ఆయన షిఫ్టు నుంచి వచ్చాడు. తలుపు తెరిచే ఉంది. అయినా గడప బయట ఆగాడు. మెట్ల మీది రోజుల నుంచి అదే అలవాటు. కంప్యూటర్ పోయినా అలవాటు పోలేదు. చెప్పులు విడిచి, తల కొంచెం లోపలికి పెట్టి, ముందు బల్ల వైపు చూస్తాడు. తర్వాతే నా వైపు.

"లోపటికి రావొచ్చునా?"

"నీ ఇంట్లకు నువ్వు అడుగుడేందిరా?" అంది అత్త వంటింట్లోంచి. రోజూ అనే మాటే.

నేను లేచి దగ్గరికి వెళ్లాను.

"ఇగో, ఇయ్యాల తెల్సింది. గా చిలకల డిజైన్ మన కంప్యూటర్‌కెల్లి పోలేదంట. సేఠ్ పంపిన కాడికెల్లే పోయిందంట. నువ్వు ఒత్తినదానికి, దానికి సంబంధమే లేదంట."

ఆయన బట్టల మీద నూలు దూది అంటుకుని ఉంది. గడప మీద నిలబడే దాన్ని కాసేపు దులుపుకున్నాడు. కోపం లేదు, సంతోషం లేదు. అప్పుడు తలెత్తి నన్ను చూశాడు.

"నీకు ఇయ్యాల తెల్సిందా?" అన్నాడు.

భుజం మీది తువ్వాలు తీసుకుని, ముఖం కడుక్కోవడానికి వరండాలోకి వెళ్లాడు.